రొయ్యల రైతు మీటరు, కోరల్ ట్యాంకు: చేతి రిఫ్రాక్టోమీటర్ రివ్యూ

విజయనగరంలో ఎవరైనా ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టి కోరల్స్ (పగడాలు) పెంచాలనుకుంటే ముందు ఏ చేప కొనాలని అడుగుతారు. నేను నీటి ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనమంటాను. భోగాపురం, పూసపాటిరేగ వైపు రొయ్యల రైతుల దగ్గర మామూలుగా కనిపించే వస్తువే. నేను పని చేసే హేచరీ ల్యాబులోనూ, ఇంట్లో నా వంద లీటర్ల ట్యాంకు పక్కనా ఉన్నది ఒకే రకం. 0 నుంచి 100 పీపీటీ (కిలో ఉప్పునీటిలో ఎన్ని గ్రాముల ఉప్పో) దాకా స్కేలు, చేత్తో పట్టుకుని వెలుతురులోకి చూసేది. పైన ఏ కంపెనీ పేరూ లేదు. ధర రెండు వేల లోపే.

చూడటానికి జానెడు గొట్టం. ఒక చివర ఏటవాలుగా కోసిన గాజు పలక, దాని మీదికి వాలే ప్లాస్టిక్ మూత. రెండో చివర కన్ను ఆనించే రబ్బరు కప్పు. మూత ఎత్తి ట్యాంకు నీళ్లు రెండు మూడు చుక్కలు వేసి, గాలి బుడగ చిక్కకుండా మూత వాల్చాలి. అర నిమిషం ఆగాలి. ఈ ఆగడం చాలామంది చెయ్యరు. చుక్క నీటికీ గాజుకీ వేడి సమానం కాకుండా చూస్తే అంకె తప్పొస్తుంది. తర్వాత కిటికీ వైపు తిప్పి చూస్తే గుండ్రంగా ఓ వెలుగు, అందులో పైన నీలం, కింద తెలుపు. రెండూ కలిసే గీత స్కేలు మీద ఎక్కడుంటే అదే ఉప్పదనం. ఒకవైపు పీపీటీ, రెండోవైపు 1.000 నుంచి 1.070 దాకా స్పెసిఫిక్ గ్రావిటీ, అంటే మంచినీటితో పోలిస్తే ఎన్ని రెట్లు బరువో. కోరల్స్‌కి కావాల్సింది 35 పీపీటీ, అంటే 25 డిగ్రీల దగ్గర సుమారు 1.026. బ్యాటరీ లేదు, చార్జింగ్ లేదు. కరెంటు పోయిన రాత్రి టార్చిలైటు పెట్టి కూడా చూసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. ఇది రొయ్యలకి సరిపోయినంత సులువుగా కోరల్స్‌కి సరిపోదు. వనామీ రొయ్య దాదాపు మంచినీళ్లలోనూ బతుకుతుంది, 40 పీపీటీలోనూ బతుకుతుంది. రైతుకి మీటరు ఒకటి ఎక్కువ చూపినా, ఒకటి తక్కువ చూపినా చెరువుకి వచ్చే నష్టం ఏమీ ఉండదు. అందుకే పెట్టెలో ఇచ్చే కాగితం మీద "స్వచ్ఛమైన నీరు వేసి సున్నాకి సరిచేయండి" అని ఊరుకుంటారు. పైగా ఈ చౌక మీటర్లలో చాలావాటికి స్కేలు గీసింది సముద్రపు నీటికి కాదు, సోడియం క్లోరైడ్ కలిపిన వట్టి ఉప్పునీటికి. సముద్రపు నీళ్లలో మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేటు కూడా ఉంటాయి కాబట్టి వెలుతురు వంగే తీరు కొంచెం వేరు. 35 పీపీటీ సముద్రపు నీరు వెలుతురుని ఎంత వంచుతుందో, 36.5 పీపీటీ ఉప్పునీరు అంతే వంచుతుంది. సున్నా దగ్గర చక్కగా సరిచేసిన మీటరు కూడా 35 ఉన్న ట్యాంకుని 36.5 అని చూపుతుందన్నమాట. అది చూసి మంచినీళ్లు కలిపేసేవాళ్లు ఎంతమందో.

దీనికి మందు ఉంది. సున్నా దగ్గర కాకుండా 35 దగ్గరే సరిచేసుకోవాలి. 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రావణం చిన్న సీసాల్లో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేదా ఇంట్లోనే చేసుకోవచ్చు: 36.5 గ్రాముల శుద్ధమైన ఉప్పు (సోడియం క్లోరైడ్), 963.5 గ్రాముల స్వచ్ఛమైన నీరు. వంటింటి తూకం సరిపోదు, గ్రాములో పదో వంతు చూపే బంగారు కొట్టు తూకం లాంటిది కావాలి. ఆ ద్రావణం చుక్క వేసి, పైనున్న స్క్రూని చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పి గీతని సరిగ్గా 35 మీద కూర్చోబెట్టాలి. స్కేలు దేనికి గీసినా ఇక మనకి పని లేదు, మనం వాడే చోట అది నిజం చెబుతుంది. నేను నెలకోసారి చూసుకుంటాను.

ఇంకో చిక్కు మన వేసవి. వీటి మీద ఏటీసీ అని రాసి ఉంటుంది, వేడిని బట్టి తానే సర్దుకుంటుందని. ఆ సర్దుబాటు సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే. మే నెల మధ్యాహ్నం విజయనగరంలో ఏసీ లేని గది ముప్పై దాటే ఉంటుంది. అందుకని ఎండాకాలం నేను తెల్లారగట్లే కొలుస్తాను, ద్రావణం సీసానీ మీటరునీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి.

ఈ మీటరు విలువ నాకు బాగా కనిపించింది శ్రీకాకుళంలో, మా మేనల్లుడి ఇంట్లో. వాడి జోయాంథిడ్లు (పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి కోరల్స్) వారాలుగా విచ్చుకోవడం లేదు. మష్రూమ్ కోరల్స్ ముడుచుకుపోయి ఉన్నాయి. లైటు మార్చాడు, ఏవో సీసాల మందులు పోశాడు. నేను వెళ్లేసరికి చేతిలో ప్లాస్టిక్ హైడ్రోమీటర్, నీటి సాంద్రతని బట్టి లోపల ముల్లు ఊగే రకం.

"మావయ్యా, 1.025 చూపిస్తంది కదా. మరేటి తేడా?" అన్నాడు.

నా మీటరులో చుక్క వేస్తే గీత 41 దగ్గర నిలబడింది. వాడి హైడ్రోమీటర్ ముల్లుకి తెల్లగా పొర పేరుకుని బరువెక్కింది, అందుకే ఉన్నదానికన్నా తక్కువ చూపుతోంది. అదే ముల్లుకి గాలి బుడగ అంటుకుంటే పైకి లేచి ఎక్కువ చూపుతుంది. ఏ రోజు ఏది చెబుతుందో నమ్మకం లేని పరికరం అది. కొత్తవాళ్లకి అంటగట్టడం మానెయ్యాలి.

41 దాకా ఎలా వెళ్లిందంటే, నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పు కలిపిన నీళ్లే పోశాడు. తొట్టెలోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు ఎక్కడికీ పోదు. వంద లీటర్ల ట్యాంకులో 35 పీపీటీ ఉంటే, ఐదు లీటర్లు ఆవిరయ్యేసరికి అది సుమారు 36.8 అవుతుంది. ఆ ఐదు లీటర్లూ మంచినీళ్లు పోస్తే మళ్లీ 35. ఉప్పునీళ్లు పోస్తే ఐదు లీటర్ల ఉప్పు అదనంగా కూర్చుంటుంది, ప్రతిసారీ. వాడు ట్యాంకు చల్లబడటానికి నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టాడు. ఫ్యాను మంచిదే. కోరల్స్‌కి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి, చిల్లరు (నీటిని చల్లబరిచే యంత్రం) కొనలేనివాళ్లకి అదే దిక్కు. కానీ ఫ్యాను చల్లబరిచేదే నీటిని ఆవిరి చేసి, కాబట్టి రోజూ మంచినీళ్లు పోసి మట్టం నిలబెట్టాలి. గాజు మీద స్కెచ్ పెన్నుతో ఓ గీత గీసి, గీత దాకా పొయ్యమన్నాను. లెక్క ప్రకారం పదిహేను లీటర్ల దాకా తీసి అంతే మంచినీళ్లు పోస్తే 35కి వస్తుంది. ఒక్కపూటలో చేస్తే ప్రాణులు తట్టుకోలేవు. రోజుకి ఒక పీపీటీ చొప్పున దింపించాను. ఆ వారం చివర్లో ఒక జోయాంథిడ్ సగం తెరుచుకుందని ఫోటో పంపాడు, ఆకుపచ్చ అంచు కనిపించేలా దగ్గర్నుంచి తీసి.

మంచినీళ్లంటే కుళాయి నీళ్లు కాదు. ఇంట్లో ఉన్న ఆర్‌వో నీళ్లు చాలనుకుంటారు. మన ఇళ్లలో పెట్టే ఆర్‌వోల్లో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలరో, మినరల్ కార్ట్రిడ్జో ఉంటుంది. శుద్ధి చేసిన నీళ్లలో మళ్లీ కొంత ఖనిజాలు కలిపి ఇస్తుంది. తాగడానికి మంచిదే, ట్యాంకుకి కాదు. మెకానిక్‌ని పిలిచి ఆ కలిపే చోటు కన్నా ముందు నుంచి ఒక పైపు తీయించుకుని, దానికి మిగిలిన లవణాలని కూడా పట్టేసే డీఐ రెసిన్ కార్ట్రిడ్జ్ తగిలిస్తే టీడీఎస్ పెన్ను సున్నా చూపుతుంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్లు తెచ్చి పోసేవాళ్లు ఆ పెన్ను ఓసారి ముంచి చూడండి. అదే పెన్నుతో ట్యాంకు ఉప్పదనం కొలవాలని మాత్రం చూడకండి, సముద్రపు నీరు దాని కొలత దాటిపోతుంది.

మన జిల్లాల్లో అందరూ అడిగే ప్రశ్న మరొకటి. "ఏటండీ, సముద్రం పక్కనే ఉంది కదా, డబ్బాల్తో తెచ్చీసుకుంటే పోదా?" మీటరు పట్టుకుని చింతపల్లి బీచికి ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి వెళ్లండి. ఒకే అంకె రాదు. వానాకాలం పోయాక బంగాళాఖాతం పైపొర నదుల నీటితో పలచబడుతుంది, గంగా బ్రహ్మపుత్రల దగ్గర్నుంచి వచ్చిన నీరు మన తీరం వెంబడే దక్షిణానికి దిగుతుంది. నేను చూసిన అక్టోబరు నీళ్లు 30 కూడా లేవు. కళింగపట్నంలో వంశధార కలిసేచోటైతే చెప్పనే అక్కర్లేదు. మా హేచరీలోనే సముద్రం నుంచి తోడిన నీటిని ఇసుక ఫిల్టర్లో పోసి, క్లోరిన్ పట్టించి, ఆ క్లోరిన్ పోగొట్టి, కొలిచాకే వాడతాం. ఇంట్లో అంత చెయ్యలేం.

శ్రీకాకుళం జిల్లా నౌపడ మడుల ఉప్పు తెచ్చి కలపొచ్చా అని అడిగినవాళ్లూ ఉన్నారు. నౌపడ ఉప్పు మీద నాకు గౌరవమే, మా ఇంట్లో ఆవకాయ దానితోనే పడుతుంది. కానీ ఉప్పుమడిలో కాల్షియం ముందే జిప్సమ్‌గా దిగిపోతుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదునీళ్లతో బయటికి పోతుంది. మిగిలేది దాదాపు సోడియం క్లోరైడే. సముద్రపు నీళ్లలో లీటరుకి 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1300 దాకా మెగ్నీషియం ఉండాలి. మీటరు నౌపడ ఉప్పునీటికీ 35 చూపుతుంది, అందులో కోరల్ మాత్రం బతకదు. ఉప్పు ఎంత ఉందో చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు. ఈ పరికరానికి ఉన్న పెద్ద హద్దు ఇదే. కోరల్ ట్యాంకుల కోసమే చేసిన రీఫ్ సాల్ట్ ప్యాకెట్టే కొనండి. ముందు నీళ్లు పోసి తర్వాత ఉప్పు వెయ్యండి, తిరగేసి చేస్తే కాల్షియం అడుగున తెల్లగా పేరుకుంటుంది. పూర్తిగా కరిగి తేటబడ్డాకే కొలవండి.

అమ్మోనియా సంగతీ ఇది చెప్పదు. ట్యాంకు సైకిల్ కావడానికి, అంటే అమ్మోనియాని మార్చేసే బ్యాక్టీరియా పెరగడానికి, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, దానికి వేరే టెస్ట్ కిట్ ఉండాలి. ఇంకో మాట: రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఎవరైనా సముద్రం నుంచి తెచ్చానని అమ్మితే తీసుకోవద్దు. నా ట్యాంకులో మెత్తటి రకాలే ఉన్నాయి, కొత్తవాళ్లకీ అవే తట్టుకుంటాయి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది స్కేలు కోసం, వదులయ్యే స్క్రూ కోసం. కొంటే ఆక్వా మందుల షాపులో చేతికి తీసుకుని కొనండి. షాపులోనే చుక్క నీళ్లు వేయించి బయటి వెలుతురులోకి చూడండి. నీలం, తెలుపు కలిసేచోట గీత సన్నగా, తెగినట్టు ఉండాలి. మసగ్గా ఉంటే ఇంకోటి అడగండి. గొట్టాన్ని అరచేతిలో రెండుసార్లు తట్టి మళ్లీ చూడండి, గీత కదిలితే స్క్రూ నిలవదు, అది వద్దు. వాడాక గాజు మీద ఆర్‌వో నీళ్లు పోసి మెత్తటి గుడ్డతో తుడవాలి, గొట్టం మొత్తాన్ని నీళ్లలో ముంచకూడదు.