60లో తడబడిన బంతి: మ్యాచ్ ఫ్రేమ్ రేట్‌తో నా అనుభవం

స్ట్రీమింగ్ బాక్సు (ఇంటర్నెట్‌లో వచ్చే వీడియోలను టీవీలో చూపే పెట్టె) సమీక్ష అనగానే 4కే, డాల్బీ, మెమరీ, రిమోటులో మైకు అంటూ మొదలవుతుంది. వాటి గురించి అందరికీ తెలుసు, వదిలేస్తాను. రెండేళ్లకు పైగా వాడాక ఈ బాక్సును నేను వదులుకోలేకపోవడానికి కారణం ఒకే ఒక్క సెట్టింగు. డిస్‌ప్లే మెనూలో బాగా లోపలికి వెళ్తే 'మ్యాచ్ ఫ్రేమ్ రేట్' అని ఉంటుంది. వీడియోలో సెకనుకు ఎన్ని ఫ్రేములు (విడి బొమ్మలు) ఉన్నాయో చూసి, టీవీకి పంపే లెక్కను దానికి తగ్గట్టు మార్చేది ఇదే. పెట్టె తెరిచిన రోజున అది ఆఫ్‌లో ఉంటుంది. అమ్మేవాళ్లు చెప్పరు, బిగించేవాళ్లు చూపించరు. ఇంత మేలు చేసేదాన్ని ఇంత లోతున ఎందుకు పెట్టారో అని నాకు ఇప్పటికీ కోపమే.

మా హాల్లో ఒకే టీవీకి రెండు పెట్టెలున్నాయి: డిష్ సెట్ టాప్ బాక్సు, ఈ స్ట్రీమింగ్ బాక్సు. ఐపీఎల్ రోజుల్లో ఒకే మ్యాచ్‌ని రెండింటిలోనూ మార్చి మార్చి చూశాం. స్ట్రీమింగ్‌లో బొమ్మ ఎంతో స్పష్టం, పిచ్ మీద పగుళ్లు కూడా లెక్కపెట్టవచ్చు. కానీ బంతి బౌండరీ వైపు పరుగెత్తి, దాని వెంట కెమెరా తిరిగిందంటే చాలు, అంతా కుదుపులే. తాడు వెనకున్న ప్రకటనల అక్షరాలు రెండేసిగా కనిపించేవి. ఫీల్డర్ పరుగెత్తుతున్నట్టు కాక, ఆగి ఆగి ముందుకు జరుగుతున్నట్టు ఉండేది. డిష్‌లో బొమ్మ కాస్త మసకే అయినా బంతి గడ్డి మీద జారినట్టు సాఫీగా వెళ్లేది. డబ్బు ఎక్కువ పెట్టిన పెట్టెలోనే ఆట చెడిపోతోంది!

ఇంట్లో అందరూ ఇంటర్నెట్‌ను అనుమానించారు. మా తమ్ముడు రౌటరును హాల్లోకి తెచ్చి, బాక్సుకు నేరుగా వైరు కలిపాడు. కుదుపు తగ్గలేదు. తర్వాత టీవీ సర్వీసుకు వచ్చిన కుర్రాడు మోషన్ స్మూతింగ్‌ను చివరిదాకా పెంచి వెళ్లాడు. ఒక్కో కంపెనీ దీన్ని ఒక్కో పేరుతో పిలుస్తుంది: ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఇలా. రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును టీవీయే ఊహించి కల్పించి ఇరికిస్తుంది. దానితో కుదుపు కొంత తగ్గింది, కానీ పరుగెత్తే ఫీల్డర్ చుట్టూ నీటిపొరలాంటిది కదలడం మొదలైంది. ఆ రాత్రి సినిమా పెడితే మామయ్యగారు అయిదు నిమిషాలకే, "ఏమిటమ్మా, సినిమా సీరియల్‌లా కనిపిస్తోంది?" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజం. సినిమాను ఇలా పాడుచేయవద్దని దర్శకులు గట్టిగా అడిగిన మీదటే 2019లో టీవీ కంపెనీలు, సినిమా స్టూడియోల కూటమి అయిన యూహెచ్‌డీ అలయన్స్ 'ఫిల్మ్‌మేకర్ మోడ్'ను ప్రకటించింది. ఆ మోడ్ ఎంచుకుంటే ఈ స్మూతింగ్ ఆగిపోతుంది. మా టీవీలో అది ఉంది, వెంటనే పెట్టేశాను. సినిమా సినిమాలా మారింది, క్రికెట్‌లో కుదుపు మాత్రం తిరిగొచ్చింది.

అసలు ఆధారం టీవీ రిమోటులోని ఇన్ఫో మీట దగ్గర దొరికింది. డిష్ మీద ఉన్నప్పుడు నొక్కితే 50 హెర్ట్జ్ అని చూపింది, అంటే టీవీకి సెకనుకు 50 సార్లు బొమ్మ అందుతోందని. స్ట్రీమింగ్ బాక్సుకు మారి నొక్కితే 60. మన దేశంలో టీవీ ప్రసారాలు మొదటినుంచీ 50 లెక్క మీదే నడుస్తున్నాయి, క్రికెట్ కూడా అలాగే వస్తుంది. బాక్సు మాత్రం ఏది వచ్చినా 60గా మార్చి పంపుతోంది. సెకనుకు 50 ఫ్రేములను 60 గదుల్లో సర్దాలంటే ప్రతి అయిదు ఫ్రేములకూ ఒకదాన్ని రెండుసార్లు చూపించక తప్పదు. అంటే సెకనుకు పది కుదుపులు. కామెంటేటర్ ముఖం మీద అది తెలియదు, కెమెరా పక్కకు తిరిగినప్పుడు కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

బాక్సును చేత్తో 50కి మార్చాను. తెర ఒక క్షణం నల్లబడి వెలిగింది. తర్వాతి ఓవర్లో కవర్స్ మీదుగా ఒక ఫోర్ వెళ్లింది. బంతి వెంట కెమెరా తిరిగింది, ప్రకటనల మీది అక్షరాలు అలాగే నిలిచాయి, నేను వాటిని చదవగలిగాను. ఆ స్పష్టతా ఈ సాఫీతనమూ ఒకే బొమ్మలో చూడటం అదే మొదలు. పైసా ఖర్చు లేకుండా వచ్చిన ఆ సంతోషం కొత్త టీవీ కొన్నరోజున కూడా కలగలేదు.

అయితే 50 దగ్గరే వదిలేస్తే సినిమాకు మళ్లీ ఇబ్బంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. 60లో పడితే ఒక ఫ్రేము మూడుసార్లు, తర్వాతిది రెండుసార్లు కనిపిస్తుంది. 50లోనూ సమంగా సర్దుకోదు. చివర్లో పేర్లు పైకి వెళ్తున్నప్పుడు చూడండి, వణుకుతూ వెళ్తాయి. మ్యాచ్ ఫ్రేమ్ రేట్ అక్కరకొచ్చేది ఇక్కడే. ఆన్ చేస్తే సినిమాకు 24, క్రికెట్‌కు 50, ఫోనులో తీసిన వీడియోకు 60 లేదా 30, ఏది వస్తే దానికి తగినట్టు బాక్సే మారుతుంది. ఆపిల్ టీవీకి ఇది 2017 డిసెంబరులో వచ్చింది. ఫైర్ టీవీలో, గూగుల్ టీవీలో కాస్త అటూ ఇటూగా ఇదే పేరుతో ఉంటుంది. పక్కనే డైనమిక్ రేంజ్‌కు (బొమ్మలో వెలుగు నీడల మధ్య తేడాకు) కూడా ఇలాంటిదే ఉంటే దాన్నీ ఆన్ చేయండి. అది లేకుండా ఎప్పుడూ హెచ్‌డీఆర్‌లో, అంటే ఆ తేడాను ఎక్కువగా చూపే పద్ధతిలో, ఉంచితే పాత సినిమాల్లో ముఖాలు నారింజ రంగుకు తిరుగుతాయి.

దానంతట అదే మారుతుంది అన్నాను, అది యాప్‌ను బట్టి. ఈ వీడియో ఇన్ని ఫ్రేములు అని యాప్ చెబితేనే బాక్సు మారుతుంది. సినిమాలు చూసే యాప్‌లలో నాకు ఇబ్బంది రాలేదు. క్రికెట్ చూసే యాప్ మాత్రం మొదట్లో బాగానే చెప్పేది, ఒక అప్‌డేట్ తర్వాత మానేసింది. ఇప్పుడు మ్యాచ్ మొదలయ్యే ముందు నేనే మెనూలోకి వెళ్లి 50 పెడతాను, అయ్యాక తీస్తాను. ఇంట్లో మరొకరికి ఈ పని ఒప్పజెప్పలేను.

మారిన ప్రతిసారీ తెర రెండు మూడు సెకన్లు నల్లగా ఉంటుంది. నాకు పరవాలేదు. అత్తయ్యగారికి మాత్రం కరెంటు పోయిందేమోనన్న కంగారు. యాప్ మొదటి పేజీలో ట్రైలర్లు వాటంతటవే ఆడుతుంటే ఈ నలుపు మాటిమాటికీ వస్తుంది, అందుకే ఆటోప్లే ఆపేశాను. ఒకసారి చివరి ఓవర్ మధ్యలో ప్రకటన వచ్చి 60కి, తిరిగి 50కి మారేసరికి సౌండ్‌బార్ మూగబోయింది. దాన్ని ఆపి మళ్లీ వేస్తే గాని శబ్దం రాలేదు, ఈలోగా వికెట్ పడిపోయింది. అప్పటినుంచి ఫైనల్ లాంటి మ్యాచ్‌లకు మ్యాచ్ ఫ్రేమ్ రేట్ ఆఫ్ చేసి, 50 దగ్గర కట్టేసి ఉంచుతున్నాను.

మా టీవీ ప్యానెల్ 120 హెర్ట్జ్‌ది. 24 దానిలో సరిగ్గా అయిదు రెట్లుగా ఇమిడిపోతుంది, అందుకే సినిమాల్లో తేడా ఇంతగా కనిపించింది. మీది 60 హెర్ట్జ్ ప్యానెల్ అయితే సినిమాల్లో లాభం తక్కువ కావచ్చు, క్రికెట్‌లో మాత్రం దక్కే అవకాశం ఎక్కువ. రోజంతా సీరియళ్లు, యూట్యూబ్ మార్చి మార్చి చూసే ఇల్లయితే ఆ నలుపు విసిగిస్తుంది, ఆఫ్‌లోనే ఉంచండి. మా ఇంట్లో పగలు టీవీ మిగతావాళ్లది, రాత్రి నాది. కాబట్టి రాత్రిపూట ఆన్ చేసుకుంటున్నాను. కొత్త బాక్సు కొనేటప్పుడు నేను చూసుకునేవి ఇకపై రెండే: 50 హెర్ట్జ్ ఇస్తుందా, దాన్ని మార్చడానికి ఎన్ని మెనూలు దాటాలి.