ఆరో సంచికలో గద్దె, ఆ తర్వాత అసలు తలనొప్పి: ‘ఏజెంట్స్ ఆఫ్ అట్లాస్’

ముందే చెప్పేస్తున్నా, కింద ముగింపు గుట్టు విప్పక తప్పదు. 2006లో మొదలైన కామిక్ కాబట్టి పెద్ద పాపం కాదనుకుంటా. అయినా ఈ పుస్తకంలో నాకు నచ్చిందీ, నన్ను ఇప్పటికీ గిల్లేదీ ఆరో సంచిక చివర జరిగే ఆ అప్పగింతే. దాన్ని దాటేసి మాట్లాడటానికి ఏమీ మిగలదు.

జెఫ్ పార్కర్ రాసి, లెనార్డ్ కిర్క్ గీసిన ఆరు సంచికల మార్వెల్ కథ ఇది. సినిమాల్లో కార్డు గారడీ చేసే ఎఫ్‌బీఐ ఏజెంటుగా చాలామందికి తెలిసిన జిమ్మీ వూ ఇక్కడ మార్వెల్ కథల్లోని గూఢచారి సంస్థ షీల్డ్‌లో వయసుడిగిన అధికారి. పైవాళ్లకు చెప్పకుండా అట్లాస్ ఫౌండేషన్ అనే రహస్య నేర సంస్థ మీద దాడికి వెళ్లి, తన మనుషుల్ని పోగొట్టుకుని, ఒళ్లు కాలి కోమాలో పడతాడు. 1950ల్లో అతను నడిపిన పాత జట్టు వచ్చి ఆసుపత్రి నుంచి ఎత్తుకుపోతుంది. ఆ జట్టులోని మార్వెల్ బాయ్ ఒంటిని బాగుచేస్తాడు గానీ, 1958 నాటి జిమ్మీగానే తిరిగి నిలబెడతాడు. యవ్వనం వచ్చింది, ఆ తర్వాతి జ్ఞాపకాలన్నీ చెరిగిపోయాయి. మొదటిసారి చదివినప్పుడు ఇది హీరోని పడుచువాణ్ణి చేసే కిటుకులా కనిపిస్తుంది. తర్వాత చూస్తే, దశాబ్దాల ఆఫీసు నీరసం అంటని మనిషి ఒకడు ఈ కథకు కావాలి. ఆఖర్లో వచ్చే ఆ బేరానికి, షీల్డ్‌లో తల నెరిసిన జిమ్మీ ఒప్పుకునేవాడా అంటే నాకు అనుమానమే.

ఇక ఆ అప్పగింత. అట్లాస్ శాఖల్ని ఒక్కొక్కటే వెతుక్కుంటూ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో నేల కిందికి దిగుతుంది. అక్కడ అట్లాస్‌ని నడిపే పాత శత్రువు యెల్లో క్లా యుద్ధం చెయ్యడు. ఇన్నేళ్ల కుట్రలూ నీ సత్తా పరీక్షించడానికే, చెంఘిజ్ ఖాన్ వంశం నీది, ఈ సంస్థ నీకే అంటాడు. 1958లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ని ఎత్తుకుపోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ అపహరణ వల్లే కదా జిమ్మీ ఈ జట్టు కట్టింది! జిమ్మీ ఒప్పుకుంటాడు, దీన్ని మంచికి వాడతానంటాడు. ముసలాయన మిస్టర్ లావో అనే డ్రాగన్‌కి తనను తానే ఆహారంగా అప్పగించుకుంటాడు. విలన్ ఓడలేదు, పదవీ విరమణ చేశాడు.

ఇది తేరగా వచ్చిన మలుపు కాదని తెలియాలంటే జట్టులో మిగతావాళ్లని చూడాలి. గొరిల్లా మ్యాన్ కెన్ హేల్ శాపం ఏమిటి? పాత గొరిల్లా మ్యాన్‌ని ఎవడు చంపితే వాడే కొత్త గొరిల్లా మ్యాన్. అంటే చంపినవాడికే ఆస్తి. రోబో ఎం-11 కథ 1954లో ‘మెనస్’ అనే కామిక్ 11వ సంచికలో వచ్చింది. గదిలో ఉన్న మనిషిని చంపమన్న ఒక్క ఆజ్ఞ పట్టుకుని, చెప్పినవాణ్ణి కూడా వదలని యంత్రం అది. యజమాని పోయినా ఆజ్ఞ నడుస్తూనే ఉంటుంది. ఒక నేర సంస్థకి ఇంతకన్నా మంచి పోలిక దొరకదు. పార్కర్ ఈ రెండింటినీ పక్కన నిలబెట్టి, మూడో రకం వారసత్వాన్ని జిమ్మీ చేతిలో పెట్టాడు. ఎక్కడా నోరు విప్పి చెప్పడు, అదే ముచ్చట.

‘యెల్లో క్లా’ పేరు సంగతి కూడా చెప్పాలి. 1956లో అల్ ఫెల్డ్‌స్టీన్, జో మనీలీ మొదలుపెట్టిన ఆ పత్రిక నాలుగు సంచికలే నడిచింది. విలన్ అచ్చం ఆ కాలపు చైనా భయంలోంచి పుట్టిన బొమ్మ. అదే పత్రికలో హీరో జిమ్మీ వూ చైనా మూలాలున్న అమెరికన్ కావడం మాత్రం అప్పటికి అరుదు. పార్కర్ ఆ పేరును తప్పు అనువాదంగా తేల్చి, అసలుది ‘గోల్డెన్ క్లా’ అంటాడు. తెలివైన మరమ్మతే. కాకపోతే రంగు వేసినంత మాత్రాన పగులు పూడదు.

ఇంతగా మెచ్చుకున్నాను కదా, కొంచెం వెనక్కి తగ్గాలి. ఇల్లు అలకగానే పండగ కాదు. సంస్కరణ అన్న మాట ఆరు సంచికల్లో ఆఖరి పేజీలకే పరిమితం. శాఖాధిపతులు ఎందుకు మాట వింటారు, అక్రమ వ్యాపారం ఆపితే జీతాలెక్కడి నుంచి, ఈ ప్రశ్నలు ఇదే పేరుతో వచ్చిన 2009 సిరీస్‌కి వాయిదా పడ్డాయి. అక్కడ పార్కర్ ఇచ్చిన జవాబు బాగుంది: బయటికి అట్లాస్ ఇంకా నేర సంస్థే. జట్టు విలన్లలా నటిస్తూ, స్పైడర్‌మ్యాన్ పాత శత్రువు నార్మన్ ఆస్బోర్న్‌తో ఆయుధాల బేరం పెట్టుకుంటుంది, లోపలి నుంచి దెబ్బ కొట్టాలని. పైగా జిమ్మీ కింద రెండో స్థానంలో ఐరన్ మ్యాన్ శత్రువు మాండరిన్ కొడుకు టెముజిన్‌ని కూర్చోబెట్టారు. ఇంకో వారసుడు పక్కనే కాచుకుని ఉన్నాడన్నమాట. ఇల్లు శుభ్రం చేస్తున్నవాడి భుజం మీద గద్ద వాలినట్టుంటుంది ఆ ఏర్పాటు.

చెడింది ఇక్కడే. ఆస్బోర్న్ దేశ భద్రతకు పెద్ద ఎలా అయ్యాడో తెలియాలంటే 2008 నాటి మార్వెల్ కథ ‘సీక్రెట్ ఇన్వేజన్’ ముగింపు తెలిసుండాలి. తెలియకపోతే మొదటి సంచికలోనే కాలు జారుతుంది. కథ అట్లాస్ లోపలి గొడవలకి దిగేలోపు అతిథి హీరోలు వచ్చి చోటు తినేస్తారు. సిరీస్ 11 సంచికలతో ఆగింది. ఆ తర్వాత మిగిలింది ముక్కలు: ఎక్స్‌మెన్‌తో 2 సంచికలు, అవెంజర్స్‌తో 4, చివరికి 2010లో ‘అట్లాస్’ పేరుతో 5. ఆ ఆఖరిదానిలో గేబ్రియల్ హార్డ్‌మన్ బొమ్మలు కళ్లకద్దుకునేలా ఉన్నాయి గానీ, సంస్థని బాగుచేసే పని అప్పటికే వెనకబెంచీకి పోయింది. 2009 సిరీస్‌లో 1950ల నాటి ఘట్టాలు గీసింది కూడా ఆయనే, అవి మాత్రం వదలొద్దు.

కొనేవాళ్లకి: 2007 హార్డ్‌కవర్ దొరికితే అదే తీసుకోండి. ఆరు సంచికల వెనక ఈ పాత్రల తొలి కథలు కట్టారు, 1978 నాటి ‘వాట్ ఇఫ్’ 9వ సంచికతో సహా. 1950ల హీరోలను ఒక జట్టుగా కట్టే ఆలోచన మొదట అక్కడిదే. ఎం-11 తొలి కథ ముందు చదివి, తర్వాత పార్కర్ దగ్గరికి వస్తే రోబో మౌనం వేరుగా వినిపిస్తుంది. మొత్తం ఒక్కచోట కావాలంటే 2018లో మొదలైన ‘కంప్లీట్ కలెక్షన్’ రెండు సంపుటాలున్నాయి. 2019లో ఇదే పేరుతో వచ్చిన గ్రెగ్ పాక్ సిరీస్ వేరు. అందులో జిమ్మీ ఉన్నాడు గానీ జట్టు మారింది, గొరిల్లా కోసం కొంటే నిరాశే.

పాత కామిక్స్ దుమ్ము వాసనంటే ఇష్టం కాబట్టి నాకు ఈ ఆరు సంచికలు ఎప్పటికీ అల్మరాలో ముందు వరసే. ముఠా లోపలి లెక్కలూ కుర్చీలాటలూ చూడాలని వచ్చేవాళ్లు మాత్రం 2009 సిరీస్ మొదటి భాగం అరువు తెచ్చుకుని చదివాకే డబ్బు తియ్యండి.