పొలమా, పాత ఊరా, గట్టా: కర్నూలు ఎటు పెరిగితే మేలు?

పేపరు లోపలి పేజీలో, టెండర్ల పక్కన, చీమతలకాయ అక్షరాల్లో ఒక ప్రకటన అప్పుడప్పుడు పడుతుంటుంది. ఫలానా గ్రామంలోని ఫలానా సర్వే నంబర్లను వ్యవసాయ జోన్ నుంచి నివాస జోన్‌కు మార్చదలిచాం, అభ్యంతరాలుంటే 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి అని. అది మన కంట పడదు. ఆరు నెలల తర్వాత రాళ్లు పాతి, ఆర్చీ కట్టి, రంగు జెండాలు ఎగరేస్తే అవి మాత్రం బాగా కనపడతాయి. అప్పుడు బండి ఆపి, ‘సెంటు ఎంతంటప్పా?’ అని అడుగుతాం.

ఇళ్లు కావాల. అందులో పేచీ లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చినప్పుడు ఉద్యోగులను గుడారాల్లో పెట్టిన ఊరు మనది. ఆ ఉద్యోగుల కోసం వెలసిన ఏ, బీ, సీ క్యాంపులు చూస్తే, ముందు రోడ్డు వేసి తర్వాత ఇల్లు కడితే ఎట్లుంటుందో ఇప్పటికీ తెలుస్తుంది. కట్టాల్సింది ఎక్కడన్నదే తగువు. చుట్టూ ఉన్న పొలాలను నివాస జోన్ చేయడం ఒక దారి. ఊరి లోపలే అంతస్తులు పెంచడం ఇంకొకటి. ఊరి పక్కనున్న జగన్నాథ గట్టు లాంటి రాతి మెరకకు పోవడం మూడోది.

పొలాల దారి అందరికీ ఇష్టం. రైతుకు ఇష్టం, వెంచరు వేసేవాళ్లకు ఇష్టం, ప్లాటు కొని పిల్ల పెళ్లికి అమ్ముకుందామనుకునే టీచరుకూ ఇష్టం. రైతును తప్పు పట్టలేం. బోరెండి, పత్తి గిట్టక, బ్యాంకు అప్పు నెత్తిన ఉన్నోడికి ఎకరా సెంట్ల లెక్కన పోతుందంటే ఎందుకు కాదంటాడు? 2020లో న్యాయ రాజధాని అన్నారు, 2021లో ఓర్వకల్లు విమానాశ్రయం మొదలైంది. మాట వచ్చిన ప్రతిసారీ నంద్యాల రోడ్డులో ధర లేచింది. న్యాయ రాజధాని చట్టం వెనక్కి పోయింది, లేచిన ధర మాత్రం దిగి రాలేదు.

కానీ 2009 అక్టోబరు 2 గుర్తుందా? హంద్రీ, తుంగభద్ర రెండూ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఆ డ్యాం కట్టింది 19 లక్షల లెక్కకు. నీళ్లు కిందికి పోయే దారి లేక ఊరి మీదికి ఎక్కాయి. వన్‌టౌన్‌లో మా పెద్దమ్మ వాళ్లు రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నారు, బియ్యం డబ్బా ఒకటి, దేవుని పటం ఒకటి పట్టుకొని. ఆ రోజు నీళ్లు నిలిచిన పొలాలు కొన్ని ఈ రోజు మ్యాపులో పచ్చ రంగు (వ్యవసాయ జోన్) నుంచి పసుపు రంగుకు (నివాస జోన్) మారడానికి వరసలో ఉంటాయి.

2017 భవన నిబంధనల ప్రకారం నది గట్టు నుంచి మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు వదలాలి. కాగితం మీద బాగానే ఉంది. ఆ రోజు నీళ్లు మీటర్లు కొలుచుకొని రాలేదు. పెద్ద నది సంగతి అటుంచి, చిన్న వంకలు ఇంకా మోసం. పాత గ్రామ పటంలో వంక పోరంబోకు, అంటే వంక పారే సర్కారు జాగా అని స్పష్టంగా ఉంటుంది. లేఅవుట్ గీసేసరికి అదే 40 అడుగుల రోడ్డవుతుంది. వాన వచ్చిన రోజు వంక తన రోడ్డు తాను వెతుక్కుంటుంది.

ఇంకొకటి, నేల. నల్లరేగడి పంటకు తల్లి, పునాదికి సవతి తల్లి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. లోతుకు పోయి గరుసు తగిలేదాకా తవ్వకపోతే మూడో వేసవికే గోడ మీద పగులు. సెంటు చవక అనుకున్నది పునాదిలో పోతుంది. అందులోనూ కేసీ (కర్నూలు-కడప) కాల్వ కింద పారే పొలాన్ని చెరిపి ప్లాట్లు చేయడమంటే నాకు కడుపు మండుతుంది. ఇది లెక్క కాదు, నా అభిప్రాయం.

పాత ఊరి సంగతి. బడి, ఆసుపత్రి, పైపులైను అన్నీ ఉన్నచోట ఇంకో రెండంతస్తులు లేపితే కార్పొరేషన్‌కు ఖర్చు తక్కువ. వరదొచ్చినా పైకెక్కొచ్చు. చిక్కేమిటంటే ఎత్తుకు అనుమతి రోడ్డు వెడల్పును బట్టి. వన్‌టౌన్ సందుల్లో ఎదురుగా ఆటో వస్తే బండి వెనక్కి తీయాల, ఫైరింజన్ మాట దేవుడెరుగు. పైగా సగం ఇండ్లకు వాటాలు తెగలేదు, నలుగురు అన్నదమ్ముల సంతకాలు ఒక కాగితం మీదికి రావు. మురుగంతా ఇప్పటికే హంద్రీలోకే పోతోంది. కాబట్టి ఇది కల్లూరు వైపు, క్యాంపుల వైపు వెడల్పు రోడ్లున్న చోట నడుస్తుంది గానీ అసలు పాత బస్తీలో నడవదు.

ఇక గట్టు. రాతి నేల, మెరక, పంట పోయేది లేదు, మునిగేది లేదు. ట్రిపుల్ ఐటీ డీఎం అనే కేంద్ర ఇంజినీరింగ్ విద్యాసంస్థ అక్కడే ఉంది. పట్టణ పేదలకు సర్కారు కట్టే టిడ్కో ఇళ్లూ అక్కడే కట్టారు, 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో, పైన మూడంతస్తులతో. వాటి కథే గట్టుకు పాఠం. గోడలు ముందు లేచాయి. నీళ్లు, రోడ్డు, దీపాలు ఏళ్ల తరబడి వెనక నడిచాయి. పాత బస్టాండులో బండి మీద అరటిపండ్లు అమ్ముకునే ఆమెను గట్టెక్కించి, పొద్దున్నే ఆటోకు పెట్టుకో అంటే సంపాదనలో ఎంత మిగులుతుంది? తుంగభద్ర మీది సుంకేసుల బ్యారేజీ నీళ్లు అంత ఎత్తుకు మోటార్లతో ఎక్కాల. వేసవిలో కిందున్న మనకే రోజు విడిచి రోజు వస్తే, పైన వాళ్ల గతేమి?

అయినా నా ఓటు గట్టుకే. నీళ్లు ఎక్కించొచ్చు, బస్సు వేయొచ్చు, అవి డబ్బుతో తీరే కష్టాలు. వరద దారిలో కట్టిన కాలనీని లేపి ఇంకోచోట పెట్టలేం. రెండో స్థానం కల్లూరు, క్యాంపుల వైపు అంతస్తులకు. పొలాల వైపు పోవాల్సిందే అంటే, 2009లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో మ్యాపులో గీసి, ఆ గీతకు బయట, నీళ్లు రాని చోట మాత్రమే పసుపు రంగు పూయమనాలి.

ప్లాటు కొనబోయేవాళ్లు బ్రోచరు కంటే ముందు పాత గ్రామ పటం, అడంగల్ (ఏ సర్వే నంబరులో ఏ నేల, ఎవరి సాగు అని చెప్పే రెవెన్యూ రికార్డు) చూసుకోండి. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి; అది నిజంగా పార్కా, ఎవరూ కొనని గుంటా అని కాళ్లతో నడిచి చూడండి. పక్క ఊళ్లో గొర్రెలు కాసే ముసలాయన్ను అడిగితే ఏ వానకు ఎక్కడ నీళ్లు నిలుస్తాయో చెప్తాడు.

పోయినసారి అట్లాంటి ప్రకటన కంటపడితే నేనూ ఒక కాగితం రాసి ఇచ్చినా. అందులో రెండే ప్రశ్నలు: ఆ సర్వే నంబర్లలో 2009లో ఎన్ని అడుగుల నీళ్లు, అక్కడి ఇళ్లకు రేపు తాగునీళ్లు ఏ పైపు నుంచి. జవాబు ఇంకా రాలేదు. ముద్ర వేసిన రసీదు మాత్రం తీసుకొని బీరువాలో పెట్టినా.