ఇంజను శబ్దం వీడియో చూసి డబ్బు పంపకండి: రాయగడ నుంచి ఒక హెచ్చరిక

హెచ్‌ఓ స్కేల్ (అసలుదానిలో 87వ వంతు) మోడల్ రైలు డీజిల్ ఇంజనుకు సౌండ్ డీకోడర్ (ఇంజనును నడిపిస్తూ శబ్దం పలికించే చిన్న సర్క్యూటు), స్పీకర్ కలిపి 'అన్నీ బిగించి ఇస్తాం' అని అమ్మేవారి దగ్గర కొనబోతున్నవారు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను ఆగలేదు. రూ.13,800 పోయాయి.

మా రాయగడలో మోడల్ రైళ్ల సామాను అమ్మే దుకాణం లేదు. చక్రం కావాలన్నా కొరియరే, పట్టా ముక్క కావాలన్నా కొరియరే. ఇక్కడ బజారులో ఒడియాలో బేరమాడి, ఇంటికొచ్చాక తెలుగులో తిట్టుకోవడం మాకు అలవాటు. ఆన్‌లైన్ కొనుగోలులో బేరానికీ ఎదురుగా మనిషి ఉండడు, తిట్టుకోవడానికీ ఉండడు. అమ్మినవాడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది, అదీగాక ఇలాంటివాడు ఇతనొక్కడే అయి ఉండడు. పద్ధతి తెలిస్తే మనిషిని మీరే గుర్తుపడతారు.

నన్ను పడేసింది ఒక వీడియో. బల్లమీద ఆకుపచ్చ డబ్ల్యుడీఎం-2 (మన రైల్వేల పాత డీజిల్ ఇంజను) నమూనా నిలబడి ఉంది. ఇంజను ఐడ్లింగ్‌లో ఉన్న శబ్దం మొదలైంది. గుండెలో కొట్టుకుంటున్నంత లోతుగా ఉంది. పదకొండో సెకనులో ఎక్కడో కుక్క రెండుసార్లు మొరిగింది. ఆ కుక్క వల్లే నేను నమ్మాను. కల్పించిన వీడియో అయితే అందులో కుక్క ఎందుకుంటుంది, ఎవరో ఇంట్లో కూర్చుని తీసిందే అనుకున్నాను. మా నాన్నగారికి కూడా వినిపించాను. ఆయన డీజిల్ లోకో పైలట్‌గా పదవీ విరమణ చేసిన మనిషి. ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుని, "ఇది ఆల్కోయేరా, సందేహం లేదు" అన్నారు. నేను ఆ సాయంత్రమే డబ్బు పంపాను.

నాన్నగారు తప్పు చెప్పలేదు. వీడియోలో వినిపించింది నిజమైన ఆల్కోయే, అంటే ఆల్కో అనే అమెరికా కంపెనీ రకం అసలు రైలింజను శబ్దమే. దాన్ని బొమ్మ వీడియోకు అతికించారు. ఆ మాట కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఇక్కడే ఉంది. డబ్ల్యుడీఎం-2లో ఉండేది ఆల్కో 251బి ఇంజను, పదహారు సిలిండర్లు, ఫోర్ స్ట్రోక్. ఐడ్లింగ్‌లో నిమిషానికి 400 తిరుగుళ్లు. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్కో తిరుగుడుకు ఎనిమిది సిలిండర్లు మండుతాయి. అంటే సెకనుకు దాదాపు 53 పేలుళ్లు. 53 హెర్ట్జ్ అంటే ప్లాట్‌ఫారం మీద నిలబడితే అరికాళ్లకు తెలిసే శబ్దం. మన ఇంజన్లలో పట్టేది 11 మి.మీ. వెడల్పు, 15 మి.మీ. పొడవు ఉండే షుగర్ క్యూబ్ స్పీకర్. అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. అంత చిన్న పొర 53 హెర్ట్జ్‌ను పలికించలేదు, ఎంత ఖరీదైనదైనా సరే. మంచి సౌండ్ ప్రాజెక్టులో (డీకోడర్‌లో ఎక్కించే శబ్దాల ఫైలులో) పై స్వరాలు సరిగ్గా ఉంటే, లేని లోతును మన చెవే ఊహించుకుంటుంది. అది వేరే సంగతి, అది కళ. బల్లను వణికించే లోతు మాత్రం ఆ చిన్న ఇంజనులోంచి రాదు. వీడియోలో అలాంటి శబ్దం వినిపించినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పార్సిల్ వచ్చింది. ఇంజనును ట్రాక్ మీద పెట్టి, కంట్రోలర్‌లో ఆ ఇంజను సంఖ్య, అంటే అడ్రసు 3 నొక్కి, శబ్దం తెరిచాను. డబ్బాలో పడ్డ కందిరీగ. హారన్ కొడితే గరగర. నాన్నగారు పక్క గదిలోంచి వచ్చి నిలబడ్డారు. కాసేపు విన్నారు.

"ఒరేయ్, ఇది ఆల్కో కాదు."

ఆల్కో ఐడ్లింగ్‌లో ఒక కుంటినడక ఉంటుంది, డుగుడుగు... డుగుడుగు అని తడబడుతూ. ఇందులో అది లేదు. ఒకే తీగలా సాగే మూలుగు. ఈఎండీ అనే మరో అమెరికా కంపెనీ టూ స్ట్రోక్ ఇంజను, అంటే డబ్ల్యుడీజీ-4 జాతి శబ్దం. బొమ్మేమో డబ్ల్యుడీఎం-2, గొంతేమో దాని తర్వాతి తరానిది. రైళ్లు తెలియనివారికి ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ మేము కొన్నదే గొంతును కదా.

మర్నాడు పై తొడుగు విప్పాను. స్పీకర్‌కు వెనకపెట్టె లేదు. ఉత్త స్పీకర్‌ను వేడిజిగురుతో తొడుగు లోపలి వైపు అంటించేశారు. ఆ జిగురు ఒక మూలలో పొర మీదికి కూడా కారింది. స్పీకర్ సంగతి అంతగా తెలియనివారి కోసం చెబుతున్నాను. పొర ముందుకు తోసినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండింటినీ వేరుచేసే మూతపెట్టె లేకపోతే ముందు శబ్దాన్ని వెనక శబ్దం తినేస్తుంది. మొదట పోయేది లోతే. అందుకే కందిరీగ. పెట్టె ఉండాలి, దానికి సన్న సందు కూడా ఉండకూడదు, తీగలు బయటికి వచ్చే చిల్లుతో సహా మూసేయాలి. అదే స్పీకర్‌ను జాగ్రత్తగా ఊడదీసి, ప్లాస్టిక్ షీటు ముక్కలతో చిన్న పెట్టె కట్టి, అంచుల చుట్టూ పుట్టీ పూశాను. ఖర్చు నలభై రూపాయలు కూడా కాలేదు. శబ్దం ఎంత మారిందంటే, వంటింట్లోంచి అమ్మ "కొత్తది తెప్పించావా?" అని అడిగింది. ఈఎండీ మూలుగే అనుకోండి, కానీ నిండుగా.

అప్పుడు ఇంకో రోగం బయటపడింది. రెండు మూడు నిమిషాలకే శబ్దం ఆగిపోతోంది. కాసేపటికి దానంతటదే వస్తోంది. ముట్టుకుంటే డీకోడర్ కాలుతోంది. స్పీకర్ వెనక చూస్తే 4 ఓమ్‌లు (విద్యుత్ నిరోధం) అని ఉంది. ఓమ్‌లు ఎంత తక్కువైతే డీకోడర్ మీద అంత భారం. ప్రకటనలో రాసింది లోక్‌సౌండ్ 5 (ఈఎస్‌యూ కంపెనీ డీకోడర్) అని. అదే నిజమైతే 4 నుంచి 32 ఓమ్‌ల వరకు ఏ స్పీకర్‌నైనా తట్టుకోవాలి. వచ్చిన డీకోడర్‌కు నల్లటి తొడుగు చుట్టి ఉంది, దానిమీద పేరూ లేదు, సంఖ్యా లేదు.

నా దగ్గరున్న కంట్రోలర్‌తో సీవీలు (డీకోడర్‌లో దాచి ఉండే సెట్టింగుల సంఖ్యలు) చదవడం కుదరదు. ఆదివారం గుణుపురం మీదుగా బస్సులో పర్లాకిమిడి వెళ్లాను, అక్కడి మిత్రుడి దగ్గర సరైన కమాండ్ స్టేషన్ ఉంది. ఒకప్పుడు చిన్నగేజి రైలు తిరిగిన ఊరు కదా, 1900లో మొదలైన ఆ బండి 2004లో ఆగిపోయినా అక్కడివాళ్లకు రైలు పిచ్చి ఇంకా వదల్లేదు. మిత్రుడు ఇంజనును ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద పెట్టి సీవీ 8 చదివాడు. ప్రతి డీకోడర్‌లోనూ తయారీదారు సంఖ్య ఉండే చోటు అది. ఈఎస్‌యూ వారిదైతే 151 రావాలి, జిమోదైతే 145, సౌండ్‌ట్రాక్స్‌దైతే 141. మాకు వచ్చింది 13. సొంతంగా డీకోడర్ తయారుచేసుకునే అభిరుచిగాళ్ల కోసం కేటాయించిన సంఖ్య అది. ఎవరో ఇంట్లో చేసుకున్నదాన్ని తప్పు పట్టను, మెచ్చుకుంటాను కూడా. లోక్‌సౌండ్ ధరకు అమ్మడమే నాకు కాలింది.

కాబట్టి కొనేముందు సీవీ 8 చదువుతున్న తెర ఫోటో అడగండి. ఫోటోలో అదే ఇంజను కనిపించాలి. స్పీకర్ ఎన్ని ఓమ్‌లో, డీకోడర్ కనీసం ఎన్ని ఓమ్‌లు అడుగుతుందో రాతలో తీసుకోండి. పాత సరుకు కొంటున్నవారు మరీ జాగ్రత్త. లోక్‌సౌండ్ 3.5, అంతకు ముందువి 100 ఓమ్‌ల స్పీకర్ కోసం చేసినవి, వాటికి ఇప్పటి 8 ఓమ్‌లది తగిలిస్తే పాడవుతాయి. తొడుగు విప్పిన ఫోటోలో స్పీకర్ పెట్టె కనిపించకపోతే బేరం అక్కడే ఆపేయండి. ఇక వీడియో అడిగితే, ఇంజను నడుస్తుండగా మీరు చెప్పిన మాట ఒకటి పక్కన నిలబడి పలకమనండి. మా అమ్మకందారుడిని తర్వాత అలా అడిగితే ఫోను మాట్లాడటమే మానేశాడు.

పార్సిల్ విప్పుతూ వీడియో తీయడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. అది చూపిస్తే 'బిగించిన సరుకు వాపసు తీసుకోం' అన్నాడు, తర్వాత మూడోవంతు సొమ్ము ఇస్తానన్నాడు, ఎవరికీ చెప్పకూడదన్న షరతుతో. ఒప్పుకోలేదు. 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడి ఊరికి వెళ్లనక్కర్లేదు, మనం ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. కొన్నది ఐదు లక్షల లోపుదైతే రుసుము కూడా లేదు.

మొన్న రాత్రి అతని పేజీలో కొత్త ప్రకటన కనిపించింది. ఈసారి ఎర్ర రంగు ఇంజను, వేరే బల్ల, వేరే గోడ, ధర ఇంకో వెయ్యి ఎక్కువ. నాన్నగారిని పిలిచి ఇద్దరం కలిసి విన్నాం. పదకొండో సెకనులో అదే కుక్క రెండుసార్లు మొరిగింది.