ఎంవీపీ కాలనీ గేమింగ్ పార్లర్: మెషీన్లు భేష్, ఆటలే పాతవి

విశాఖ ఎంవీపీ కాలనీలోని ఈ పార్లర్‌లో సామగ్రికి పెద్దగా వంక పెట్టలేం. ఆరు పీఎస్5లు (సోనీ ప్లేస్టేషన్ 5 గేమ్ మెషీన్లు), 55 అంగుళాల 4కె టీవీలు, ఇద్దరు పక్కపక్కన కూర్చునే సోఫాలు. టీవీలన్నీ గేమ్ మోడ్‌లోనే ఉంచారు. చాలాచోట్ల ఈ సెట్టింగ్ మరిచిపోతారు. అప్పుడు టీవీ బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో పడి, బటన్ నొక్కిన కాసేపటికి గానీ దెబ్బ పడదు. రెండు కంట్రోలర్లకు మాత్రం స్టిక్ డ్రిఫ్ట్ ఉంది, అంటే తాకకపోయినా స్టిక్ కదిలినట్టే ఆట అనుకుంటుంది. కూర్చోగానే స్టిక్ మీద నుంచి వేలు తీసి చూడండి. కెమెరా దానంతటదే తిరుగుతుంటే వెంటనే మార్చమనండి. స్టిక్ ఎటు వంగిందో కొలిచే పొటెన్షియోమీటర్ పొర అరిగితే వచ్చే జబ్బు అది, పైపైన తుడిస్తే పోదు. వేరే కంట్రోలర్ ఖాళీ లేకపోతే, ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (స్టిక్ స్వల్ప కదలికను పట్టించుకోని హద్దు) ఉంటే కాస్త పెంచి ఆ గంట గడిపేయొచ్చు.

గంటకు 100 రూపాయలు. ఆ వందకు ఏం ఆడాలన్న దగ్గరే చిక్కు.

అరలో ముప్పై దాకా డిస్కులున్నాయి. అట్టల మీద బొమ్మలు వేరు, లోపలంతా ఒకే తానులో ముక్కలు. తుపాకీ యుద్ధాల ఆట కాల్ ఆఫ్ డ్యూటీ 2005 నుంచి ఏటా వస్తూనే ఉంది. 2009లో వాడిన 'మోడర్న్ వార్‌ఫేర్ 2' పేరునే 2022లో రోమన్ అంకెతో మళ్లీ పెట్టారు. 'ది లాస్ట్ ఆఫ్ అస్' 2013లో పీఎస్3కి, మరుసటి ఏడాదే మెరుగులద్ది పీఎస్4కి, 2022లో మళ్లీ చేసి పీఎస్5కి వచ్చింది. కథ అదే, దారి అదే. వండిన కూరకే మూడోసారి తాలింపు. రీమేక్ అంటేనే తప్పని కాదు. 2005 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 4'ను 2023లో మళ్లీ చేసినప్పుడు నడుస్తూనే కాల్చడం, కత్తితో దెబ్బ కాచుకోవడం చేర్చారు. దాంతో పోరాటం తీరే మారింది. పాత ఆటను తిరిగి అమ్మాలంటే కనీసం అంత పనైనా చేయాలి.

పెద్ద మ్యాప్‌లో ఇష్టమొచ్చినట్టు తిరిగే ఓపెన్ వరల్డ్ ఆటల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. 2007లో 'అసాసిన్స్ క్రీడ్' ఎత్తయిన గోపురమెక్కితే మ్యాప్ తెరుచుకునే పద్ధతి తెచ్చింది. అప్పుడది నిజంగా కొత్త, ఎక్కినవాడికి ఊరంతా కనిపించేది. 2012లో 'ఫార్ క్రై 3'లో అదే రేడియో టవరైంది, 2017లో 'హొరైజన్ జీరో డాన్'లో నడిచే యంత్రం తలైంది, 2018లో 'స్పైడర్‌మ్యాన్'లో మళ్లీ టవరే. ఊరు మారుతుంది, చేసే పని మారదు. రేపెవరైనా విశాఖనే మ్యాప్‌గా తీసుకున్నా డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ ఎక్కిస్తారు, బీచ్‌రోడ్డు నిండా గుర్తులు పరుస్తారు, కుర్సురా జలాంతర్గామిని శత్రు స్థావరం చేస్తారు. సముద్రం, కొండ, రేవు కలిసిన ఈ ఊరి నడక మాత్రం అందులో ఉండదు.

గంట అద్దెకు ఆడేవారికి ఇది ఇంకా నష్టం. మొదటి గంటంతా సినిమాలాంటి పరిచయం, పక్కపాత్ర మాటలు వింటూ నడక, వంగడం నేర్పే పాఠాలు. ఎక్కాల్సిన అంచులకు పసుపు రంగు పూసి ఉంటుంది. బొమ్మలో వివరం పెరిగేకొద్దీ ఏది ఎక్కదగ్గ అంచో, ఏది అలంకారమో కంటికి తెలియడం లేదు కాబట్టి ఆ పూత. దారి వెతుక్కోవడమే ఆటగా ఉండే చోట వెతుకులాటనే తీసేశారు. 2020 నాటి 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా' బాణం గుర్తుకు బదులు గాలి వీచే దిక్కుతో దారి చూపింది. వేరే ఉపాయాలు లేక కాదు.

కారణం డబ్బు. 2023లో అమెరికా కోర్టుకు చేరిన పత్రాల్లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' ఖర్చు దాదాపు 22 కోట్ల డాలర్లని బయటపడింది. అంత పెట్టినవాళ్లు అమ్ముడైన దారి వదలరు. అందరూ నడిచిన దారి అయినంత మాత్రాన గట్టెక్కుతామనీ లేదు. పేరున్న హీరో షూటర్ల (ఒక్కో పాత్రకు ఒక్కో శక్తి ఉండే కాల్పుల ఆటల) వరసలో వచ్చిన 'కాంకర్డ్'ను 2024లో విడుదలైన రెండు వారాలకే ఆపేశారు. అదే ఏడాది ఒక్క మనిషి తయారుచేసిన 'బలాట్రో' పేకముక్కలతోనే కొత్త ఆట చూపించింది.

పార్లర్ యజమానికి ఒక విన్నపం. ఫుట్‌బాల్ ఆట పాత సంచికలు తీసేసి 'ఇట్ టేక్స్ టూ' (2021), 'స్ప్లిట్ ఫిక్షన్' (2025) పెట్టండి. రెండూ ఇద్దరు కలిసి ఆడేవే, మీ సోఫాలకు సరిగ్గా సరిపోతాయి. అధ్యాయం మారితే చేతికొచ్చే పనిముట్టు మారుతుంది, గంటలోనే రెండు మూడు కొత్త ఆలోచనలు తగులుతాయి.

పొడవైన ఆట మొదలుపెట్టేవారు విడిగా యూజర్ ప్రొఫైల్ తెరవమనాలి, లేదంటే తర్వాత వచ్చినవాళ్లు మీరు ఆడినంతవరకు దాచుకున్న సేవ్ మీద రాసేస్తారు. పీఎస్5 ఆటల సేవ్‌లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కవు, క్లౌడ్‌కు సోనీకి చందా కట్టే పీఎస్ ప్లస్ ఉండాలి. అదంతా వద్దనుకుంటే 'ఆస్ట్రోస్ ప్లేరూమ్' అడగండి. పీఎస్5తో ఉచితంగా వచ్చే ఆట అది. స్ప్రింగులా దూకేటప్పుడు ట్రిగ్గర్ బిగుసుకుంటుంది, నేల మారినప్పుడల్లా అరచేతిలో కంపనం మారుతుంది. ఇక్కడ ఆరు మెషీన్లలోనూ ఉంది, డిస్కుల అరలో కనపడదు కాబట్టి ఎవరూ అడగరు.