మండల న్యాయసేవా కమిటీ: పాత కేసులకు ఉచిత సలహా

నేరం పాతదైపోయింది, ఇక కేసు చెల్లదేమో అనుకునేవాళ్లు అమలాపురమైనా భీమవరమైనా ముందు కోర్టు ఆవరణలోని ఈ కమిటీకే వెళ్లాలి. తెల్లకాగితం మీద అర్జీ, ఆధార్ నకలు, ఉంటే ఎఫ్‌ఐఆర్ పట్టుకెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఖైదీలకు ఈ ఉచిత సాయానికి ఆదాయంతో పనిలేదు.

భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్, నేర విచారణ పద్ధతి చట్టం) 514 సెక్షన్ ప్రకారం జరిమానా మాత్రమే ఉన్న నేరానికి కోర్టు కేసు స్వీకరించే గడువు 6 నెలలు, ఏడాది దాకా జైలుంటే 1 ఏడాది, మూడేళ్ల దాకా అయితే 3 ఏళ్లు. అంతకు మించితే గడువే లేదు, హత్యకు ఎన్నేళ్లయినా కేసు నడుస్తుంది. నడవాలి కూడా! చాలామంది తప్పేది ఇక్కడే: చూడాల్సింది సెక్షన్‌లోని గరిష్ఠ శిక్ష.

హత్య కేసులో యావజ్జీవం పడినవాళ్ల ముందస్తు విడుదలకు రెమిషన్ రోజులు, అంటే మంచి నడవడికకు శిక్షలో తగ్గించే రోజులు, కలపకుండా 14 ఏళ్లు జైల్లో గడపాలి. కలిపి లెక్కేస్తే అర్జీ తిరిగొస్తుంది.

సలహా బాగుంటుంది, హడావుడే ఎక్కువ. సంక్రాంతి సెలవుల్లో వెళ్లకండి. ఫోన్ 15100.