దత్తత కుటుంబాల ఆదివారం కలయిక: ఎనిమిదేళ్లు వెళ్లాక నా సమీక్ష

మా పాపకు ఇప్పుడు ఎనిమిదేళ్లు. 2020 జనవరిలో ఇంటికి వచ్చేనాటికి రెండేళ్ల మూడు నెలలు. అంతకు రెండేళ్ల ముందు నుంచే నేను, మా ఆయన తిరుపతిలో దత్తత తీసుకున్న కుటుంబాలు నెలకోసారి కలిసే చోటికి వెళ్తున్నాం. దానికి పేరు లేదు, బోర్డు లేదు, చందా లేదు. రెండో ఆదివారం వస్తే ఒకసారి బైరాగిపట్టెడలో ఒకరింట్లో, ఇంకోసారి తిరుచానూరులో ఇంకొకరి మిద్దె మీద, చలికాలమైతే ప్రకాశం పార్కులో చాపలు పరుచుకుని కూర్చుంటాం. అప్పట్లో ఆరు కుటుంబాలు, ఇప్పుడు పద్నాలుగు. "అక్కా, అట్లాంటి చోటికి పోతే ఏమన్నా ఉపయోగం ఉంటుందా?" అని దత్తత ఆలోచనలో ఉన్నవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నా.

ముందుగా ఒక మాట. కాగితాల పని కోసమైతే ఇక్కడికి రానక్కర్లేదు. కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవడం, హోమ్ స్టడీకి (బిడ్డను ఇచ్చే ముందు మన ఇంటికొచ్చి చేసే విచారణకు) ఏమేం కావాలో తెలుసుకోవడం జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడిగితే అయిపోతుంది. పైగా పాత కుటుంబాలు చెప్పేది పాత సంగతి. మాకు దత్తత ఉత్తర్వు కోర్టు ఇచ్చింది. 2022 సెప్టెంబరు నుంచి కలెక్టరే ఇస్తున్నారు. మా అప్పుడు నాలుగేళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 90 దాటకూడదు. 2022 నిబంధనల్లో రెండేళ్ల లోపు బిడ్డకు అది 85 అయింది. ఇవి తెలియక మాలో ఒకరు కొత్తగా వచ్చిన దంపతులకు "లాయర్‌ని చూసుకోండి" అని చెప్పి అనవసరంగా టెన్షన్ పెట్టారు.

మరి ఎందుకు వెళ్లాలి? ఎదురుచూసే రోజుల్లో మనిషి ఎంత బలహీనంగా ఉంటారో వాళ్లకు తెలుసు కాబట్టి. 2018 చివర్లో బంధువు ఒకాయన ఫోన్ చేసి, ఫలానా నర్సింగ్ హోంలో ఆడబిడ్డ పుట్టిందని, నాలుగు లక్షలు ఇస్తే మన పేరుతోనే బర్త్ సర్టిఫికెట్ రాయించి ఇచ్చేస్తారని చెప్పారు. ఆ రాత్రి మేమిద్దరం నిద్రపోలేదు. నిజం చెప్పాలంటే నా మనసు అటే లాగింది. పొద్దున్నే మా కలయికకు వచ్చే తిరుచానూరు అక్కకు ఫోన్ చేశాను. ఆమె తిట్టలేదు. "డబ్బులిచ్చి తెచ్చుకుంటే అది కొనడం అవుతుంది. దానికి అయిదేళ్ల దాకా జైలు ఉండాది. అది సరే, రేపు ఆ బిడ్డ పెద్దదై అడిగితే ఏం చెప్తావు మే?" అంది. ఆ చివరి మాటకే ఆగిపోయాం. బంధువుల బిడ్డను 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం, కన్నవాళ్ల ఇష్టంతో, రిజిస్టర్ పత్రంతో తీసుకోవడం వేరే సంగతి. ఆ తేడా కూడా ఆమే విడమరిచి చెప్పింది.

పాప వచ్చాక అసలు అవసరం తెలిసింది. మొదటి వారాల్లో తను ఇడ్లీ ముక్క గుప్పిట్లో పెట్టుకునే నిద్రపోయేది. తెల్లారేసరికి అది పులిసి, వేళ్ల మధ్య ఎండిపోయి అతుక్కుని ఉండేది. మెల్లగా తీద్దామని చెయ్యి విప్పితే ఉలిక్కిపడి లేచి, కళ్లు పెద్దవి చేసి చూసేది, నోటి వెంట మాత్రం శబ్దం రాదు. మా అత్తమ్మ దిష్టి తీసింది. డాక్టరు ఏమీ లేదన్నారు. తిరుచానూరు అక్క ఒక్కటే చెప్పింది: "తియ్యద్దు. మంచం పక్కన గిన్నెలో పెట్టు. రాత్రంతా తిండి ఆడే ఉంటుందని దానికి తెలియాల." చిన్న స్టీలు గిన్నెలో రెండు ఇడ్లీ ముక్కలు, నాలుగు బొరుగులు పెట్టేదాన్ని. ఇరవై రోజులకు గుప్పిట వదిలింది. గిన్నె మాత్రం రోజూ ఖాళీ అవుతూనే ఉంది. 2020 ఉగాది నాడు, అదే లాక్‌డౌన్ మొదలైన రోజు, పొద్దున లేచి చూస్తే గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. ఊరంతా భయంతో తలుపులేసుకున్న ఆ పూట నేను వంటింట్లో సంతోషంతో ఏడ్చాను.

ఆ తర్వాత ఏడాదిన్నర కలయికలు లేవు. ఫోన్లు ఉన్నాయి కానీ, పిల్లలు ఆడుకుంటుంటే పక్కన కూర్చుని మాట్లాడుకోవడం వేరు. అప్పుడే బిడ్డ ఇంటికి వచ్చిన రెండు కుటుంబాలు బాగా ఇబ్బంది పడ్డాయి.

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది మాటల సాధన. నిజాన్ని బిడ్డకు ఎలా చెప్పాలో ఇక్కడ ఒకరి ముందు ఒకరం పైకి అంటాం. కన్నతల్లి గురించి "వదిలేసింది" అనే మాట వాడకూడదు. "పెంచే వీలు లేకపోయింది" అనాలి. మొదటిసారి నాకు గొంతు పెగల్లేదు. నాలుగోసారికి వచ్చింది.

ఆ సాధన ఎక్కడ పనికొచ్చిందో చెప్తా. పేరూరు కొండ మీద వకుళమాత గుడి 2022 జూన్‌లో మళ్లీ తెరిచాక, ఆ చలికాలం అందరం కలిసి వెళ్లాం. శ్రీనివాసుణ్ణి కనకపోయినా కొడుకుగా చూసుకున్న అమ్మ ఆమె. పద్మావతమ్మ కూడా ఆకాశరాజుకు పొలం దున్నుతుంటే తామరపువ్వులో దొరికిన బిడ్డే. మెట్ల మీద కూర్చుని ఒక తాత పిల్లలకు ఈ కథలు చెప్తున్నాడు. అయిదేళ్ల మా పాప నా వైపు తిరిగి, "మరి నేను ఎవరి కడుపులో ఉన్నా?" అంది. సాధన చేసిన మాటలే వచ్చాయి: "ఇంకో అమ్మ కడుపులో ఉన్నావు నాయనా. ఆమెకు నిన్ను పెంచే వీలు లేకపోయింది. మేం నీ కోసం ఎదురుచూస్తా ఉన్నాం." కాసేపు ఆలోచించింది. "ఆమెకు కూడా నా మాదిరి ఉంగరాల జుట్టు ఉంటుందా?" దీనికి సాధన లేదు. "తెలీదమ్మా, ఉండొచ్చు. నాకూ చూడాలనిపిస్తుంది" అన్నాను. సరేనని పిల్లల్లోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ తల దువ్వేటప్పుడు ఆ అమ్మ గురించి అడుగుతుంది, నేను చెప్తాను.

పెద్ద పిల్లలు ఉండటం ఈ కలయికకు పెద్ద బలం. రెండో తరగతిలో పాప బడివాళ్లు పుట్టినప్పటి ఫొటో తెమ్మన్నారు. మా దగ్గరున్న మొదటి ఫొటో దత్తతకు ముందు పిల్లల్ని ఉంచే శిశుగృహలో పసుపు గౌనుతో తీసింది, అప్పటికి పాపకు ఏడాది దాటింది. నేను బడికి వెళ్లి గొడవపడదామనుకున్నా. మా గుంపులో డిగ్రీ చదివే ఒక దత్తత అమ్మాయి అడ్డం పడింది: "ఆంటీ, లేదని దాచద్దు. ఉన్నదాంట్లో చిన్నప్పటిది ఇచ్చి, కింద వయసు రాయండి. నాకు అమ్మ అట్లే చేసింది." అట్లే చేశాం. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, తన మూలాల గురించి అడిగే హక్కు నిబంధనల్లోనే ఉంది. అడగాలా వద్దా అని తల్లీకూతుళ్లు మా అందరి ముందే మాట్లాడుకున్నారు. అది విన్నాక పదేళ్ల తర్వాత రాబోయే రోజు గురించి నాకున్న భయం సగం తగ్గింది.

నచ్చనివీ ఉన్నాయి. "ఎంత ఎర్రగా ఉందో, మీ పోలికే" అని బిడ్డ ముందే మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బిడ్డకు ఎప్పటికీ చెప్పం అని పట్టుబట్టే ఒక కుటుంబం వస్తే మిగతా పిల్లల నోళ్లు కట్టెయ్యాల్సి వస్తుంది. అది అన్యాయం. తొమ్మిదేళ్ల అబ్బాయిని తీసుకున్న ఇంటికి మేం ఇచ్చిన సలహాలు పనిచెయ్యలేదు సరికదా, పరిస్థితి ఇంకా ముదిరింది. పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాకే ఆ బాబు కుదుటపడ్డాడు. పెద్ద వయసు పిల్లల్ని తీసుకునేవాళ్లు మా మీద మాత్రమే ఆధారపడొద్దు.

ఇంకో లోపం మగవాళ్లది. ఏళ్ల తరబడి భార్యల్ని దించి, బయట టీ కొట్టు దగ్గర నిలబడేవాళ్లు. మా ఆయనా అంతే. పోయినేడు నుంచి వాళ్లకూ విడిగా ఒక అరగంట పెట్టారు. పోయిన నెల మా ఆయన వంతు. రెఫరల్ (ఫలానా బిడ్డ అని కారా మనకు చూపడం) వచ్చిన రోజు గురించి చెప్పారు. పాప ఫొటో, వివరాలు వచ్చాక అవునో కాదో చెప్పడానికి 48 గంటలే గడువు. ఆ మెసేజ్ ఆఫీసులో ఉండగా వచ్చిందని నాకు తెలుసు. ఇంటికి ఆలస్యంగా ఎందుకొచ్చారో తెలీదు. ఫొటో చూసి నేరుగా కపిలతీర్థం వెళ్లి, కోనేటి మెట్ల మీద గంటసేపు కూర్చున్నారంట. "ఈ బిడ్డ నన్ను నాన్నా అని పిలవకపోతే ఎట్లా అని భయమేసింది" అన్నారు. పక్క గదిలో వక్కలు సర్దుతూ ఆ మాట మొదటిసారి విన్నాను.